కట్టుబడి నేల

‘ఇచ్చిన మాటకు కట్టుబడి ఉన్నాం’ అని మంత్రులు చెబుతుంటారు. ‘పార్టీ నిర్ణయానికి కట్టుబడి ఉంటాం’ అని కార్యకర్తలు చెబుతుంటారు. ఇవాళ్టి తెలుగులో ‘కట్టుబడి’ ఎక్కువగా ‘ఉండటం’ అనే తోడుతోనే వస్తుంది. రెండు వందల ఏళ్లకు పైగా వెనక్కి వెళితే అనంతపురం మెట్టలో ఆ మాటకు ఏ తోడూ అక్కర్లేదు. అక్కడ కట్టుబడి అంటే మనిషి. ఆ సీమ ప్రభువైన పాళెగాడు పిలిస్తే కత్తో, బల్లెమో, నాటు తుపాకో పట్టుకుని వచ్చే మనిషి. పిలుపు లేని రోజుల్లో తన చేను తాను దున్నుకునే మనిషి. ఆ చేను మీద పన్ను నామమాత్రం. ఎంత కట్టాలో ముందే ఖాయం చేసి ఉంచేవాళ్లు కాబట్టి ఆ పన్నును కూడా కట్టుబడి అనే అనేవాళ్లు. ఖాయం చేసిన పన్ను, ఆ పన్నుకు భూమి పట్టిన మనిషి, అతను చేయాల్సిన కొలువు, మూడింటికీ ఒకటే పేరు.

విశ్వాసానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. విధేయత, స్వామిభక్తి, నమ్మకం, బంటుతనం, ఉప్పు తిన్న రుణం ఉన్నాయి. కలెక్టరుకు అర్జీ పెట్టుకునే రైతు చివర్లో ‘తమ విధేయుడు’ అని వేలిముద్ర వేసిన కాలమూ ఉంది. వీటిలో ఎక్కువ మాటలు మనసుకు సంబంధించినవి. కట్టుబడి అలాంటిది కాదు. దాని వెనక ఒక సాగునేల ఉంది, ఒక లెక్క ఉంది, ఒకరికొకరు ఇచ్చుకున్న ఒప్పందం ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా వాన పడే ఈ ఎర్రమట్టి పీఠభూమిలో విశ్వాసం అన్న మాట ఎలా పుట్టిందో, ఎవరి వల్ల చెడిందో చూడాలంటే ఈ ఒక్క పదాన్ని పట్టుకుని నడిస్తే చాలు.

నడక కొంచెం వెనక నుంచి మొదలుపెట్టాలి.

మడకశిర దాటి అమరాపురం వైపు వెళితే హేమావతి వస్తుంది. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలోని ఒక పల్లె. తొమ్మిది, పది శతాబ్దాల్లో అది హెంజేరు, నొళంబ పల్లవుల రాజధాని. నున్నటి నల్లరాతి స్తంభాలకు పేరుపడిన ఊరు. నొళంబులు ఒకసారి రాష్ట్రకూటుల వైపు, ఇంకోసారి గంగుల మీదికి, మరోసారి తమ సొంతానికి యుద్ధాలు చేశారు. ఆ యుద్ధాల్లోనూ, అంతకన్నా ఎక్కువగా పశువుల మందల కోసం జరిగిన కొట్లాటల్లోనూ చచ్చిపోయిన వాళ్లకు నిలబెట్టిన వీరగల్లులు అనంతపురం, బళ్లారి, కోలారు, తుముకూరు ప్రాంతాల్లో పొలం గట్ల మీద, చెరువు కట్టల కింద ఇప్పటికీ కనిపిస్తాయి. చాలావాటికి ఒకటే అమరిక. కింది వరసలో యుద్ధం, మధ్యలో వీరుణ్ణి ఎత్తుకుపోయే అప్సరసలు, పైన శివలింగం ముందు కూర్చున్న వీరుడు.

ఆ కాలపు కన్నడ భాషలో విశ్వాసానికి ఒక గొప్ప మాట ఉంది: జోళవాళి. జోళ అంటే జొన్న. ఎవరి జొన్నలు తిన్నామో వాళ్లకు తీర్చుకోవలసిన ధర్మం జోళవాళి. మనం ఉప్పు రుణం అంటున్నదాన్ని ఈ మెట్టప్రాంతం జొన్న రుణం అంది. ఉప్పు రుచి కోసం, జొన్న ప్రాణం కోసం. రెండేళ్లకోసారి వాన ముఖం చాటేసే చోట ఒకరి గాదెలోంచి వచ్చిన జొన్నల విలువ ఏమిటో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఈ భావం కన్నడ ఆదికవి పంపడి మహాభారత కావ్యంలో మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ కావ్యం సుమారు 941 నాటిది. పంపడు కొలువు చేసింది మన వేములవాడలో, రెండో అరికేసరి దగ్గర. అతని తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ దగ్గర కుర్క్యాల గుట్ట మీద చెక్కించిన శాసనంలో తెలుగు కంద పద్యాలు ఉన్నాయి. అంటే ఈ మాట తిరిగిన ఆవరణలో తెలుగూ కన్నడమూ పక్కపక్కనే కూర్చున్నాయి. అనంతపురం మెట్టలో అయితే ఆ రెండు భాషలూ ఇవాళ్టికీ ఒకే ఇంట్లో ఉంటాయి.

తిండితో ముడిపడిన మాట ఇదొక్కటే కాదు. కొలువుకు బదులుగా పన్ను లేకుండా ఇచ్చే భూమిని ఉంబళి అనేవాళ్లు. ఉణ్ అంటే తినడం. తినడానికి ఇచ్చిన నేల ఉంబళి. బతుకు గడవడానికి ఇచ్చే భూమి జీవితం. ఆ జీవితమే అరిగి జీతమైంది. నెలాఖరున బ్యాంకు ఖాతాలో పడే జీతానికి పూర్వం ఒక చేను ఉండేదన్నమాట.

యుద్ధంలో చచ్చిన వాడి కుటుంబానికి ఇచ్చే భూమికి కన్నడ శాసనాలు పెట్టిన పేరు నెత్తరుగొడగె, నెత్తుటి కానుక. కత్తి కడిగి ఇచ్చే దానం బాళ్గచ్చు. 949-50 నాటి ఆతకూరు శాసనంలో ఈ దానం కనబడుతుంది. రాష్ట్రకూట మూడో కృష్ణుడు తక్కోలం దగ్గర చోళులను ఓడించిన సందర్భం అది. గంగ రాజు బూతుగుడి కొలువులోని మణలేరుడు ఆ యుద్ధంలో గొప్పగా పోరాడాడు. ఏం కావాలో కోరుకోమంటే రాజు దగ్గరున్న కాళి అనే వేటకుక్కను అడిగి తీసుకున్నాడు. ఆ కుక్క ఒక పెద్ద అడవిపందితో తలపడి, దాన్ని చంపి తానూ చచ్చిపోయింది. ఆ కుక్కకు రాయి నిలబెట్టి, నిత్యపూజకు భూమి ఇచ్చారు. మణలేరుడికి కత్తి కడిగి ఊళ్లు ఇచ్చారు. కుక్క విశ్వాసానికి కూడా భూమితో బదులు తీర్చిన కాలం అది. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది.

ఆ కాలాన్ని మరీ అందంగా ఊహించుకోకూడదు. జొన్న రుణం ప్రాణం దాకా వెళ్లేది. కాకతీయ శాసనాల్లో లెంకలు కనిపిస్తారు, రాజు దేహాన్ని కనిపెట్టుకుని ఉండే ఆంతరంగిక బంట్లు. ఆ పేరు శ్రీకాకుళం వైపు ఇప్పటికీ ఇంటిపేరుగా బతికి ఉంది. హోయసల రాజ్యంలో ఇలాంటివాళ్లను గరుడులు అన్నారు. రాజు చనిపోతే తామూ బతకమని ప్రమాణం చేసినవాళ్లు గరుడులు. హళేబీడులో హోయసలేశ్వరాలయం పక్కన ఒక స్తంభం ఉంది. రెండో వీర బల్లాళుడు 1220 ప్రాంతంలో చనిపోయినప్పుడు అతని దండనాయకుడు కువర లక్ష్ముడు, భార్య సుగ్గలదేవి, వాళ్ల అనుచరులు ప్రాణాలు తీసుకున్న సంగతి దానిమీద చెక్కి ఉంది. తమ తలలు తామే నరుక్కుంటున్న మనుషుల బొమ్మలు ఆ స్తంభం మీద ఉన్నాయి. వాటి ముందు నిలబడితే గర్వం కన్నా దుఃఖమే ఎక్కువ కలుగుతుంది. అనుచరుల్లో ఎంతమంది మనసారా ఒప్పుకున్నారో, ఎంతమంది ఒప్పుకోక తప్పలేదో ఆ రాయి చెప్పదు.

విజయనగర రాజుల బిరుదుల్లో ‘భాషెగె తప్పువ రాయర గండ’ అన్నది ఒకటి. మాట తప్పే రాజుల పాలిటి మగాడు అని అర్థం. ఇందులో గమనించాల్సింది, శిక్ష మాట తప్పిన రాజుకు. బంటుకు కాదు. విశ్వాసం పైనున్నవాడి మీద కూడా బాధ్యత పెడుతుందని సామ్రాజ్యం మొదటి తరం నుంచే రాజులు తమ బిరుదులో చెక్కించుకున్నారు. బంటుకు ఈ రాజ్యంలో దొరికింది వేరే గౌరవం. ద్వైత గురువు వ్యాసరాయలు ఊరూరా ఆంజనేయుణ్ణి ప్రతిష్ఠించాడని, అవి మొత్తం 732 అని ఐతిహ్యం. గుంతకల్లు దగ్గరి కసాపురం నెట్టికంటి ఆంజనేయుడూ 1521లో ఆయన ప్రతిష్ఠే అని అక్కడి సంప్రదాయం చెబుతుంది. శ్రావణ మాసంలో కసాపురం, నేమకల్లు, మురడి, ఈ మూడు చోట్ల ఆంజనేయుణ్ణి ఒకే రోజులో దర్శించుకోవడం ఇక్కడి మొక్కు. నమ్మినబంటు అనగానే తెలుగువాడికి తట్టేది హనుమంతుడే. త్యాగరాజు హంసనాదంలో రాముణ్ణి అడుక్కున్నది కూడా బంటు కొలువే. కోట గుమ్మంలో, ఊరి పొలిమేరలో హనుమంతుడు నిలబడిన ఈ సీమలో బంటు అన్నది చిన్నమాట కాదు.

విజయనగర సైనిక వ్యవస్థ మాత్రం పాత జొన్న రుణాన్నే పెద్ద ఎత్తున నడిపింది. నాయకుడికి అమరం కింద సీమ ఇచ్చారు. అతను దాని ఆదాయంతో ఇన్ని గుర్రాలు, ఇంతమంది కాలిబంట్లు నిలబెట్టాలి. నాయకుడు తన కింద బంట్లకు చేన్లు ఇచ్చాడు. పై నుంచి కింది దాకా కొలువు భూమికి కట్టి ఉంది.

ఇదే పద్ధతి నీళ్లకూ ఉంది. చెరువు తవ్వించినవాడికి, తెగితే కట్ట పోయించేవాడికి ఆ చెరువు కింద కొంత భూమో, పంటలో భాగమో ఇచ్చేవాళ్లు. కన్నడ శాసనాల్లో ఇది కట్టుగొడగె, తెలుగులో దశబంధం. అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల్లో దశబంధం ఇనాముల లెక్కలు ఇరవయ్యో శతాబ్దం దాకా నడిచాయి. చెరువు చెడిపోయేలా వదిలేస్తే ఇనాము పోతుంది. దేవుడి మీద ప్రమాణాల కన్నా ఈ ఒక్క నిబంధన వందల చెరువులను నిలబెట్టింది. అనంతపురం ఊరికి పునాది కూడా చెరువే. మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 1364లో పండమేరుకు అడ్డంగా కట్ట వేయించి బుక్కరాయసముద్రం, అనంతసాగరం కట్టించాడని స్థానిక చరిత్ర. ఆ కట్ట తెగబోతే బసిరెడ్డి కోడలు ముసలమ్మ తనను తాను బలి ఇచ్చుకుందన్న కథను కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ కావ్యంగా రాశాడు. భూమి ఇచ్చి కట్టను కాపాడుకోవడం ఒక పద్ధతి. కోడలి ప్రాణం తీసుకుని కాపాడుకోవడం ఇంకో పద్ధతి. ముసలమ్మ కొలువుకు ఇనాము ఎవరూ ఇవ్వలేదు, పూజ మాత్రం చేశారు. విశ్వాసం లెక్కల్లో ఆడవాళ్ల పేర భూమి రాసిన చోట్లు ఎంత తక్కువో ఈ కథ గుర్తుచేస్తుంది.

1565లో తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు వచ్చింది. రాజ్యం చిన్నదయ్యే కొద్దీ విశ్వాసం కథలు పెద్దవయ్యాయి. 1614లో వెల్లూరులో జగ్గరాయడు రాజకుటుంబాన్ని చంపించినప్పుడు రామదేవుడనే పిల్లవాడు ఒక్కడే దక్కాడు. అతన్ని దక్కించి, తర్వాత సింహాసనం మీద కూర్చోబెట్టిన వెలుగోటి యాచమనాయకుణ్ణి చరిత్ర గుర్తుపెట్టుకుంది. కోటలోంచి ఆ పిల్లవాణ్ణి బట్టల మూటలో దాచి బయటికి మోసుకొచ్చినవాడు ఒక చాకలి. ఆ సంగతిని పోర్చుగీసు పాదిరీ బర్రాదాస్ రాశాడు. చాకలి పేరు రాయలేదు.

తర్వాతి రెండు వందల ఏళ్లూ పాళెగాళ్లవి. అనంతపురం హండె వంశం వాళ్ల చేతిలో ఉండేది. ఆ వంశ చరిత్రను 1750-1810 మధ్య తెలుగులో రాసి పెట్టారు. సి.పి. బ్రౌన్ దాన్ని సంపాదించి, ఇంగ్లీషులోకి తెచ్చి 1853లో మద్రాసులో అచ్చు వేయించాడు. హండె నాయకులు విజయనగరాన్ని కొలిచారు. ఆ తర్వాత ఈ సీమ మీదికి బీజాపూరు వచ్చింది, మొగలులు వచ్చారు, నిజాం, గుత్తి మరాఠాలు, మైసూరు వరసగా వచ్చారు. 1757లో గుత్తి మరాఠా నాయకుడు మురారి రావు అనంతపురాన్ని ముట్టడించి, యాభై వేల రూపాయలు తీసుకుని వెళ్లిపోయాడు. టిప్పు కాలంలో పాళెగాడు సిద్ధప్ప నాయుడి ఇంటి మగవాళ్లను ఉరితీశారని, శ్రీరంగపట్నం చెరలోంచి అతనొక్కడే తప్పించుకున్నాడని స్థానిక చరిత్ర చెబుతుంది. తరానికొక ప్రభువు మారితే విశ్వాసం ఎవరికి చూపాలి? పాళెగాడు ఎవరికి కప్పం కట్టినా, కట్టుబడి మాత్రం పాళెగాడికే. ఢిల్లీలో ఎవరున్నారో, బీజాపూరులో ఎవరున్నారో అతనికి అవసరం లేదు. తన చేను ఎవరి మాట మీద నిలబడి ఉందో అదే అతని రాజ్యం. ఇందులో చపలత్వం ఏమీ లేదు. అలాంటి రోజుల్లో మనిషి నమ్మకంగా బతకగలిగిన తీరు అదొక్కటే.

గుత్తి కోట కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1776లో మైసూరు పాలకుడు హైదరలీ ముట్టడిలో ఆ కోట పడింది. పడగొట్టింది ఫిరంగులు కాదు, దాహం. సంధి మాటలు నడుస్తుండగా మురారి రావు తరఫున హామీగా వచ్చిన యువకుణ్ణి హైదరు ఆదరంగా చూశాడు. ఆ మాటల్లో అతను కోటలో మూడు రోజుల నీళ్లే మిగిలాయన్న సంగతి బయటపెట్టాడని మైసూరు చరిత్ర రాసిన మార్క్ విల్క్స్ చెబుతాడు. హైదరు సంధికి మెలిక పెట్టి కాలం గడిపాడు. మురారి రావు లొంగిపోయి కబ్బాలదుర్గం చెరలో చనిపోయాడు. ఆ యువకుడు ద్రోహి కాదు, నోరు జారినవాడు. అంతకుముందు వరకూ దప్పికతో కోటను కాచిన బంట్ల ఓర్పు మాత్రం ఏ బిరుదుకూ తక్కువ కాదు.

1799లో టిప్పు చనిపోయాడు. మైసూరు నుంచి తన వాటాకు వచ్చిన సీమను నిజాం 1800 అక్టోబరులో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. తన దగ్గర ఉంచుకున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద ఇచ్చాడు. అందుకే ఇవి దత్త మండలాలు. రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు పెట్టేదాకా ఆ పేరే నడిచింది. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టాడు. అప్పటి లెక్కల ప్రకారం ఈ మండలాల్లో ఎనభై మంది పాళెగాళ్లు, వాళ్ల కింద సుమారు ముప్పై వేల మంది ఆయుధాలు పట్టిన బంట్లు. కట్టుబడులు ఆ ముప్పై వేల మందిలో ఉన్నారు. వాళ్లలో బోయలు చాలామంది.

మన్రో పాళెగాళ్లను లొంగదీశాడు. జనరల్ డూగల్డ్ క్యాంప్‌బెల్ సైన్యం తోడుగా కోటలు ఖాళీ చేయించాడు. ఎదురుతిరిగినవాళ్లను పట్టుకున్నాడు, మిగిలినవాళ్లకు పింఛన్లు ఇచ్చాడు. రైతుతో నేరుగా పన్ను ఒప్పందం చేసుకునే రైత్వారీని 1807 వరకూ ఊరూరా తిరిగి అమలుచేశాడు. అతనంటే ఈ సీమకు ఉన్న అభిమానం అబద్ధం కాదు. మాండవ్య ఋషి అవతారమన్నారు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే గుత్తిలో పూడ్చారు, తర్వాత అవశేషాలను మద్రాసుకు తీసుకువెళ్లారు. పన్ను తగ్గించాలని వాదించిన అధికారిని రైతు మరిచిపోలేదు. ఇదీ జొన్న రుణమే.

అయితే కట్టుబడి సంగతి మన్రోతో తేలలేదు. పాళెగాడు పోయాడు, పాళెగాడు ఇచ్చిన చేను మిగిలింది. కొలువు చేయించుకునేవాడు లేని కొలువు ఇనాము ఎవరిది? కొందరు కట్టుబడులకు కావలి, పోలీసు పనులు అప్పగించి ఇనాములు ఉండనిచ్చారు. తర్వాతి దశాబ్దాల్లో కంపెనీ ఆ మాట మీద నిలబడలేదు. ఇనాము పట్టినవాడు చనిపోతే కొడుక్కి ఇవ్వకుండా చేన్లు వెనక్కి తీసుకోవడం మొదలైంది.

దీని ఫలితం పక్క సీమలో కనబడింది. కోవెలకుంట్ల అప్పుడు కడప జిల్లాలో ఉండేది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846 జూలైలో అక్కడి ఖజానా మీద పడ్డాడు. నొస్సం పాళెగాడైన బంధువు చనిపోయాక ఆ పింఛనులో తనకు రావాల్సింది రాలేదన్నది అతని సొంత ఫిర్యాదు. ఒక్కడి పింఛను కోసం వేలమంది తుపాకులకు ఎదురు వెళ్లరు. అతని వెంట నడిచినవాళ్లలో కట్టుబడులే ఎక్కువ. వాళ్ల చేన్లు పోతున్నాయి, పోబోతున్నాయి. కలెక్టరు కాక్రేన్ కూడా ఈ కారణాన్ని గుర్తించాడు. అక్టోబరులో నరసింహారెడ్డి పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో అతన్ని ఉరితీసి, తలను కోట గోడకు వేలాడదీశారు. 1877 దాకా అది అక్కడే ఉంది. ఆ ముప్పై ఏళ్లూ అది చూస్తూ పొలాలకు వెళ్లిన కట్టుబడి కుటుంబాల సంగతి సినిమాల్లో రాలేదు, రావాలి.

ప్రభుత్వ కాగితాల్లో వాళ్లు తిరుగుబాటుదారులు, అంటే విశ్వాసం తప్పినవాళ్లు. కట్టుబడి అన్న మాటను అసలు అర్థంలో చదివితే తీర్పు తలకిందులవుతుంది. ముందుగా ఖాయం చేసిన పన్ను, ముందుగా ఖాయం చేసిన చేను, దానికి బదులు కొలువు: ఇది ఇద్దరి మధ్య కట్టు. దాన్ని మొదట తెంచింది చేను లాక్కున్నవాడు. భాషెగె తప్పువ రాయర గండ అని చెప్పుకున్న సీమలో ఆ సంగతి ఎవరికైనా అర్థమవుతుంది.

తర్వాత జరిగిందంతా కాగితాల మీద, నెత్తురు లేకుండా జరిగింది. 1858లో మద్రాసులో ఇనాం కమిషన్ ఏర్పడింది. 1859 చట్టంతో జీతం మీద పనిచేసే పోలీసు బలగం వచ్చింది. కట్టుబడి కొలువు అవసరం తీరింది. అలాంటి కొలువు ఇనాములకు కొంత పన్ను వేసి సొంత పట్టాలుగా మార్చారు. ప్రతి ఇనాముకూ ఎవరు ఇచ్చారు, ఎందుకిచ్చారు, ఎవరి అనుభవంలో ఉంది అని అడిగి రాసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు ఆ పనిలోంచే పుట్టాయి. 1882లో బళ్లారి నుంచి విడిపోయి అనంతపురం జిల్లా అయ్యేనాటికి కట్టుబడి అన్నవాడు రిజిస్టరులో ఒక వరస మాత్రమే. 1956 ఇనాముల రద్దు చట్టంతో ఆ వరసకూ చెల్లుచీటీ పడింది.

మనిషి పోయాక మాటలు జారడం మొదలైంది. కోటలు కాచిన బంట్రోతు ఆఫీసు తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. బంటు చదరంగంలో అన్నిటికన్నా ముందు చచ్చే పావు అయ్యాడు. జీతం ఇంకా కిందికి జారింది. ఊళ్లో మోతుబరి దగ్గర ఏడాదికి కుదిరే జీతగాడు, పాలేరు అప్పు తీరక తరాల తరబడి అక్కడే ఉండిపోయాడు. అతనికి దొరికింది సంగటి ముద్ద, రెండు జతల బట్టలు, ఏడాది చివర్లో కొన్ని గింజలు. ధాత కరువులో, అంటే 1876-78లో, ఆ గింజలూ లేవు. పాత కట్టుబడికి చేను ఉండేది, అందుకే అతను ఎదురుతిరగగలిగాడు. జీతగాడికి చేను లేదు. అయినా అతన్నుంచి అడిగింది అదే విశ్వాసం. ‘తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకు’ అని చెప్పింది అతనికే. ఇచ్చేవాడి బాధ్యత ఊడిపోయి, పుచ్చుకున్నవాడి రుణం ఒక్కటే మిగిలితే విశ్వాసం వెట్టి అవుతుంది. కట్టుబడి, కట్టుబానిస అనే రెండు మాటలు ఒకే ‘కట్టు’లోంచి వచ్చాయి. వాటి మధ్య తేడా ఒక చేను.

జీతం వెట్టిగా మారిందన్నది ఎవరి అభిప్రాయమో కాదు, దేశ చట్టంలో ఉంది. 1976 వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం దేశంలో ఏయే పేర్లతో మనుషులను అప్పుకు కట్టేశారో వరసగా చెబుతుంది. ఆ జాబితాలో ‘జీత’ ఉంది, ‘పాలేరు’ ఉంది, ‘వెట్టి’ ఉంది. ఒకప్పుడు బతకడానికి ఇచ్చిన నేలకు పేరైన జీవితం వెయ్యేళ్లలో అక్కడికి చేరింది.

రాయలసీమ అనగానే తెల్ల చొక్కాలు, వేటకొడవళ్లు, దొర కోసం ప్రాణం ఇచ్చే అనుచరుడు అని ఇరవై అయిదేళ్లుగా తెలుగు సినిమా చూపిస్తోంది. ముఠా తగాదాలు ఇక్కడ నిజంగా జరిగాయి, ఎన్నో ఇళ్లు ఆరిపోయాయి. ఆ అనుచరుణ్ణి పాళెగాళ్ల కాలపు రక్తంలోంచి వచ్చినవాడిలా చూపించడం మాత్రం తప్పు. పాత కట్టుబడి దగ్గర ఖాయమైన పన్నూ, అనుభవించే చేనూ ఉండేవి. కక్షల్లో చచ్చిపోయిన అనుచరుడి ఇంటికి నెత్తరుగొడగె ఇచ్చింది ఎవరు? చాలా ఊళ్లలో ఆ ఆడవాళ్లు కూలికి వెళ్లి పిల్లల్ని పెంచుకున్నారు. అనుచరుడి ప్రాణాన్ని పొగిడే కథలు రాసేముందు ఆ ఇంటి గడప దాకా వెళ్లిరావాలి.

ఈ చరిత్రకు ఆధారాలు ఇంకా మన ఊళ్లలోనే ఉన్నాయి, రోజురోజుకీ తగ్గుతున్నాయి. వీరగల్లులు బట్టలుతికే బండలయ్యాయి, రోడ్ల వెడల్పులో పూడిపోతున్నాయి. ఇనాం రిజిస్టర్లు చెదలు పట్టిపోతున్నాయి. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో చరిత్ర చదివే విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కో ఊరి రిజిస్టరు చూసి అందులో కట్టుబడి, దశబంధం అని ఎక్కడెక్కడ రాసి ఉందో, ఇప్పుడా చేన్లు ఎవరి దగ్గర ఉన్నాయో రాసుకుంటే అది మంచి పరిశోధన అవుతుంది. మీ పొలం గట్టు మీద బొమ్మలు చెక్కిన రాయి ఉంటే దాన్ని కదిలించకుండా ఫొటో తీసి, ఊరి పేరు, సర్వే నంబరుతో పురావస్తు శాఖకు పంపండి.